ఆరున్నర గాలి

ఏడేళ్ళుగా ఒక నోటుపుస్తకం నా బీరువాలో, చీరల అడుగున ఉంది. మా ఆయన దాన్ని ఇంతవరకు చూడలేదు. చూస్తే ఏదో పాత ప్రేమకథ అనుకుంటాడేమోనని మొదట్లో భయపడేదాన్ని. తర్వాత తర్వాత, అలా అనుకుంటేనే నయం అనిపించింది. అందులో ప్రేమ లేదు. అంకెలున్నాయి. ఉప్పునీళ్ళకి తడిసి, ఎండకి ఆరి, అప్పడంలా వంకరపోయిన కాగితాల మీద బాల్‌పెన్నుతో ఒక మత్స్యకారుడు రాసిన అంకెలు. అవి ఆ మత్స్యకారుడివని నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడం ఒక్కటే అయితే ఇంత రాయక్కర్లేదు.

మీరెవరో నాకు తెలీదు. తెలీదు కాబట్టే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళయితే ఓదారుస్తారు, లేదంటే ఇంకొకరి చెవిలో వేస్తారు. రెండూ నాకొద్దు. మిమ్మల్ని పూర్తిగా నమ్మానని కూడా అనుకోకండి. నేను ఎవరినీ అంత తొందరగా నమ్మను. జరిగిందంతా అందువల్లే జరిగింది.

మాది విజయనగరంలో పప్పుల దుకాణం. బొబ్బిలి వైపు నుంచి మినుములొస్తే మా నాన్న బస్తాలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి గుప్పెడు తీసి వెలుతురులోకి తెచ్చి చూసేవాడు. పైన ఎవడైనా మంచివే పోస్తాడు, అడుగున ఏం పోశాడో చూడాలనేవాడు. చింతపండు బుట్ట వస్తే పిండి చూసేవాడు. బెల్లం దిమ్మ వస్తే వాసన చూసేవాడు. నేను ఆ గల్లాపెట్టె పక్కన కూచునే పెరిగాను. నాకు కొత్త మనిషి కనబడితే ఇప్పటికీ ముందు అడుగునుంచి గుప్పెడు తీయాలనిపిస్తుంది. కాలేజీలో స్నేహితురాళ్ళు నన్ను సీఐడీ అనేవాళ్ళు. నేను దాన్ని మెప్పుగానే తీసుకునేదాన్ని.

భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ అయ్యాక నాకు ఒక చిన్న ప్రాజెక్టులో పని దొరికింది. రెండువేల పన్నెండు, పదమూడు ప్రాంతం. ఉపగ్రహం సముద్రం మీద గాలిని కొలుస్తుంది, ఆ కొలత ఎంతవరకు నిజమో మా తీరంలో పోల్చి చూడాలి. ఉపగ్రహానికి గాలి కనబడదు. పైనుంచి రాడార్ తరంగాలు పంపుతుంది, అవి నీటి మీది చిన్న చిన్న ముడతలకి తగిలి వెనక్కి వస్తాయి. పాలగిన్నె మీద ఊదితే మీగడ ముడతలు పడుతుందే, అలాంటి ముడతలే. ముడతల్ని బట్టి గాలి ఎంత వేగంతో, ఎటునుంచి వీస్తోందో లెక్క కడతారు. నా పని ఏమిటంటే, ఆ లెక్కల ఫైలు దించుకుని, మన తీరానికి సంబంధించిన అంకెలు వేరుచేసి, పడవ మీద నిజంగా కొలిచిన గాలితో పక్కపక్కన పెట్టడం.

ఒడ్డుకి దగ్గరగా అయితే నేల అడ్డొచ్చి ఉపగ్రహం సరిగ్గా చూడలేదు. అందుకని ఒడ్డు కనబడనంత దూరం వేటకి వెళ్ళే మనిషి కావాలి. శ్రీకాకుళం జిల్లాలో ఒక బెస్త ఊరు. పేరు చెప్పను. అక్కడ అందరూ తాతారావునే చూపించారు. యాభై దాటిన మనిషి, నాలుగో తరగతిదాకా చదివాడు, సొంతానికి ఇంజినున్న చిన్న బోటు ఉంది. ఆ ఊళ్ళో పడవలు నీళ్ళలోకి తోసేముందు ఒకసారి తాతారావు మొహం చూడటం అలవాటు. ఆయన ఇసక మీద నిలబడి, తలగుడ్డ విప్పి, మెడ వెనక తడుముకుని, పోవచ్చనో వద్దనో చెప్పేవాడు. వద్దంటే కుర్రాళ్ళు సణుక్కునేవాళ్ళు గానీ ఆగేవాళ్ళు. ఆయనకి ఆస్తి అంటూ ఉంటే ఆ మాటే.

మేము ఆయనకి గాలి మీటరు ఇచ్చాం. అరచేతిలో పట్టే పరికరం, పైన చిన్న పంకా. రోజూ సముద్రం మీద పొద్దున ఆరున్నరకి గాలి కొలిచి రాయమన్నాను. ఎందుకు ఆరున్నరంటే, ఉపగ్రహం మన వైపు దాటే సమయం ఫైల్లో ఆరున్నర అని ఉంది కాబట్టి. ఈ వాక్యం దగ్గర కొంచెం ఆగండి. నేను అప్పుడు ఆగలేదు.

ఆయన మీటరుకి నైలాను తాడు కట్టి మెళ్ళో వేసుకునేవాడు. ఆరున్నరకి రాసేవాడు. నేను అడక్కుండానే, తిరిగొచ్చేముందు మధ్యాహ్నం పన్నెండింటికి ఇంకోసారి కొలిచి పక్క వరసలో రాసేవాడు. ఎందుకని అడిగితే, "గాలి తిరిగిపోతాది కదా పాపా, ఒక పూటదే రాస్తే సగమే రాసినట్టు" అన్నాడు. నాకు వెంటనే అనుమానం వచ్చింది. అడగని పని ఎవరైనా ఎందుకు చేస్తారు? మా దుకాణంలో కొసరు ఎక్కువ వేసిన వాడి తూకాన్ని మా నాన్న రెండుసార్లు చూసేవాడు. ఆ మధ్యాహ్నం వరసని నేను కంప్యూటర్లోకి ఎక్కించనేలేదు.

శివరాత్రి వెళ్ళాక మొదటి నెల అంకెలు పక్కపక్కన పెట్టి చూశాను. అసలు పొంతన లేదు. ఉపగ్రహం ఆరున్నరకి దక్షిణపు గాలి అంటోంది, బాగా బలంగా. తాతారావు అదే ఆరున్నరకి పడమటి గాలి, అంటే కొండల వైపు నుంచి వచ్చేది, బలహీనం అని రాశాడు. ఒక రోజు కాదు, రోజూ. నేను ఏమనుకున్నానో చెబుతాను. ఈయన సముద్రం మీదికి వెళ్ళినా మీటరు బయటికి తీయడం లేదు. ఇంటి దగ్గరో, ఒడ్డు మీదో ఉండగా తగిలిన గాలి రాస్తున్నాడు. ఒడ్డున తెల్లవారుజామున ఉండేది కొండగాలే కదా.

ఒకసారి అనుమానం పుట్టాక సాక్ష్యాలకి కరువుండదు. ఒక గురువారం చెప్పకుండా పొద్దున ఏడింటికే ఆ ఊళ్ళో దిగాను. తాతారావు బోటు ఇసక మీదే ఉంది. తర్వాత పుస్తకం చూస్తే ఆ రోజు ఆరున్నరకి కూడా అంకె ఉంది. నాకు కోపం రాలేదు. ఇది చెప్పడానికే సిగ్గుగా ఉంది. సంతోషం వేసింది. దొంగ దొరికాడన్న సంతోషం.

ఆ తర్వాత ఇంకో రోజు, చేపల వేలం పాడే చోట అడిగాను. పక్కకి పిలిచి అడగొచ్చు. అందరిముందూ అడిగితే అబద్ధం ఆడలేడనుకున్నాను. తట్టల దగ్గర ఆడవాళ్ళు, పడవలు దిగిన మగవాళ్ళు, ఒక ముప్పై మంది ఉంటారు.

"తాతారావు గారూ, ఈ పొద్దుటి అంకెలు మీరు సముద్రం మీద తీసినవేనా?"

"మరెక్కడ తీస్తాను పాపా?"

"ఉపగ్రహం ఆరున్నరకి దక్షిణపు గాలి అంటోంది. మీరు రోజూ కొండగాలి అని రాస్తున్నారు."

"పొద్దుటేళ కొండగాలే ఉంటాది. ఎండెక్కినాక తిరుగుతాది. దచ్చినం గాలి మద్దేనానికి గానీ రాదు. ఇక్కడెవల్నడిగినా సెప్తారు."

"గురువారం మీ బోటు ఒడ్డునే ఉంది. నేను చూశాను. అయినా అంకె రాశారు."

"ఆ దినం నా ఇంజిను పాడైపోనాది. మా కామేశు బోటెక్కినాను. ఆడు నా సెల్లెలి కొడుకే, అడుగు."

"ఇంట్లో కూచుని రాశానని ఒప్పుకుంటే ఇంక ఏమీ అడగను."

ఆయన నన్నే చూశాడు. కోపంగా కాదు. వలలో తెలీని చేప పడితే తిప్పి చూస్తారే, అలా.

"నానెందుకు ఒప్పుకోవాలి? నీ ఉపగ్రహం ఏ ఏళప్పుడు సూసిందో, ముందు దాన్నడుగు పాపా."

ఎవరో నవ్వారు. నన్ను చూసే నవ్వారనుకున్నాను. చదువుకున్న పిల్ల, జీన్సు ప్యాంటు, అందరిముందూ ఒక చేపల మనిషి చేత మాట పడింది. మీటరు ఇచ్చేయమన్నాను. ఆయన మెళ్ళోంచి తీసి, తలగుడ్డతో ఉప్పు తుడిచి, ఇంటికి మనిషిని పంపి దాని డబ్బా తెప్పించి, అందులో పెట్టి ఇచ్చాడు. నోటుపుస్తకం కూడా ఇచ్చాడు. పరిశీలకుడు అంకెలు కల్పించి రాశాడు అని ఆ రోజే, ప్రాజెక్టు నడిపే మా సారుకి రాసి పంపాను. ఖాయమేనా అని ఆయన ఫోన్లో అడిగితే ఖాయమే అన్నాను.

మీటరు తర్వాత కామేశుకే ఇచ్చాం. మా సారుకి కుర్రవాడు కావాలి, వాడు సెల్‌ఫోన్ వాడగలడు. ఒడ్డున ఒక బోర్డు పెట్టించి, ముందురోజు ఉపగ్రహం చెప్పిన గాలి అందులో రాయించడం మొదలుపెట్టాం. ఆ నెలలో కామేశు పంపిన ఆరున్నర అంకెలు ఉపగ్రహంతో అద్దినట్టు సరిపోయాయి. మరీ సరిపోయాయి. నిజమైన కొలత ఎక్కడైనా అంత నున్నగా ఉంటుందా? ఈసారి నేను ఎవరినీ నిలదీయలేదు. కామేశు బోటు ఎక్కించుకోమన్నాను.

తెల్లవారకముందే బయల్దేరాం. నాకు ఒకటే వాంతులు. ఒడ్డు కనబడకుండా పోయాక ఎక్కడో ఇంజిను ఆపారు. ఆరున్నరకి నేనే మీటరు పట్టుకుని నిలబడ్డాను. గాలి నా వీపుకి తగులుతోంది. నేను సూర్యుడి వైపు చూస్తున్నాను, గాలి వెనకనుంచి, పడమటినుంచి వస్తోంది. పలచగా ఉంది. అందులో పొగ వాసన ఉంది. ఏజెన్సీ కొండల్లో పోడు కోసం అడవి కాలుస్తారు ఆ రోజుల్లో, ఆ వాసన అంతదూరం నీళ్ళ మీదికి వచ్చింది. మీటరులో అంకె చూశాను. తాతారావు పుస్తకంలో ఉండే అంకెల్లాంటిదే.

కామేశు చుక్కాని దగ్గర తలొంచుకుని కూచున్నాడు. వాడే చెప్పాడు. "ఏ దినానిది ఆ దినం రాయనేదు మేడమ్, మర్నాడు మీ బోర్డు సూసే రాసీసినాను. మావ రాసింది తప్పన్నారు, బోర్డు మీదది ఒప్పన్నారు. ఒప్పే కదా రాయాలని రాసినాను." ఇంకో మాట కూడా అన్నాడు, "ఆ గురువారం మావ ఈ బోటులోనే ఉన్నాడు. మీరు నన్నడగనేదు."

ఎండెక్కింది. పది దాటాక గాలి చచ్చిపోయింది. తర్వాత మెల్లగా దక్షిణం నుంచి లేచింది. పన్నెండింటికి బోటు ఊగిపోతోంది, మీటరు పంకా గిర్రున తిరుగుతోంది. నిన్నా మొన్నా ఫైల్లో ఆరున్నర అని చూసిన గాలి ఇదే. అదే దిక్కు, అదే జోరు. అప్పుడు అర్థమైంది. ఫైల్లో ఉన్న ఆరున్నర మన ఆరున్నర కాదు. ఉపగ్రహాల ఫైళ్ళన్నీ ప్రపంచమంతటికీ ఒకటే గడియారం పెట్టుకుని రాస్తారు. మన సమయం కావాలంటే దానికి అయిదున్నర గంటలు కలపాలి. కలిపితే మధ్యాహ్నం పన్నెండు. ఇది చదువుకోని విషయం కాదు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న విషయమే. ఫైలు మొదట్లోనే చిన్న అక్షరాల్లో ఉంది కూడా. నేను తాతారావుని అడుగుదాకా చూశాను గానీ ఫైలులో మొదటి వరస కూడా చూడలేదు.

మా నాన్న గురించి ఒక సంగతి ఇందాక దాచాను. ఆయన బస్తాలో చెయ్యి పెట్టేముందు, రోజూ దుకాణం తెరవగానే, తన కాటా మీద తన కిలో రాయి పెట్టి చూసుకునేవాడు. తర్వాతే ఎదుటివాడి సరుకు. ఆ మొదటి సగం నేను ఎందుకు నేర్చుకోలేదు? చూస్తూనే పెరిగాను కదా.

ఇక్కడితో ఆగి ఉంటే ఇది పొరపాటు. మనిషన్నాక చేస్తాం. ఆ సాయంత్రమే ఒడ్డు దిగి, అదే వేలం దగ్గర, అదే ముప్పై మంది ముందు చెప్పొచ్చు. తాతారావు ఇల్లు అక్కడికి నాలుగు అడుగులు. నేను బస్సెక్కాను. కామేశుకి కూడా ఏమీ చెప్పలేదు. మరి ఏం చేశానో వినండి.

గదికి వచ్చి ఫైలు సమయాలు సరిచేశాను. తర్వాత తాతారావు పుస్తకం తెరిచి, నేను పక్కన పడేసిన ఆ మధ్యాహ్నం వరస, ఎవరూ అడక్కుండా ఆయన రాసిన వరస, మొత్తం ఎక్కించాను. ఉపగ్రహంతో పోల్చాను. ఎంత బాగా కలిశాయో చెప్పలేను. కామేశు అంకెల్లా అద్దినట్టు కాదు. నిజమైనవి కలిసినట్టు, కొంచెం అటూ ఇటూగా. వేసవిలో పడవలన్నీ ఆపేసే వేట నిషేధం వచ్చేలోపు కొత్తగా కొలతలు తీసే వ్యవధి లేదు. తుది నివేదికలో ఆ పట్టిక పెట్టాను. పరిశీలన ఎవరిది అన్న చోట ప్రాజెక్టు సిబ్బంది అని రాశాను. అంటే నేను. సారుతో, మధ్యాహ్నం కొలతలు మనవాళ్ళు తీశారండీ అన్నాను. ఆయన ఇంక అడగలేదు. అంతకుముందు రాసిన ఆరోపణ మాత్రం ఆ కాగితాల్లో అలాగే ఉంది. ఒకే మనిషిని ఒక పేజీలో అబద్ధాలకోరు అన్నాను, ఇంకో పేజీలో ఆయన రాసిందే నిజమని నిలబెట్టాను.

ఎందుకు చేశాను? ఉద్యోగం పొడిగిస్తారో లేదో అన్న భయమని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అది కొంతే. ఆ వేలం దగ్గర నవ్విన వాళ్ళ ముందు మళ్ళీ నిలబడటం నాకు ఇష్టం లేదు. అంతకన్నా, ఆయన చెప్పిందే నిజమైనందుకు ఆయన మీద కోపం. ఇలాంటి కోపం మీకు ఎప్పుడైనా వచ్చిందా? రాకపోతే అదృష్టవంతులు. ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం ఆ పట్టిక చూపించి తెచ్చుకున్నదే.

తాతారావుకి ఏమైందో కూడా చెప్పాలి. కుర్రాళ్ళు పడవలు తోసేటప్పుడు ఆయన వద్దంటే, "ఇంటికాడ గాలెలగున్నాది తాతారావు?" అని నవ్వడం మొదలుపెట్టారట. ఒకటి రెండుసార్లు ఆయన వద్దన్నా వెళ్ళారు, ఏమీ కాలేదు, అందరూ తిరిగొచ్చారు. దాంతో అడగడమే మానేశారు. ఆయన ఆ వేళకి ఒడ్డుకి రావడం మానేశాడు. మరుసటి ఏడాది బోటు కామేశుకి వదిలేసి, గుజరాత్‌లో వేరావల్ వెళ్ళిపోయాడు. అక్కడి పెద్ద బోట్లలో పరాయివాళ్ళ కింద కూలికి. ఆ వయసులో. ఇదంతా నాకు ఎలా తెలుసంటే, మూడేళ్ళ తర్వాత శ్రీకాకుళం బస్టాండులో ఆయన భార్య పోలమ్మ కనబడింది. ఎండుచేపల గంప దించుకుని కూచుని ఉంది. నేను తప్పుకుందామనుకున్నాను, ఆమె పిలిచింది. కబుర్లన్నీ తనే చెప్పింది, తిట్టలేదు. చివర్లో అడిగింది.

"ఆ గాలి మీటరు ఇప్పుడెవలకాడ ఉన్నాది పాపా?"

ఆఫీసులో ఉందన్నాను.

"ఆయన రోజూ ఫోన్ సేస్తాడు. పొద్దుట గాలి ఇలగుంది, మద్దేనం గాలి ఇలగుందని సెప్తాడు. నానెక్కడ రాస్తాను? ఊఁ అంటాను, అంతే."

ఆమె నవ్వింది. మామూలుగా నవ్విందా, నన్ను ఉద్దేశించి నవ్విందా? నేను చేసింది తాతారావుకి తెలుసా? కామేశు ఆ రోజు బోటులో నా మొహం చూసి గ్రహించి చెప్పి ఉంటాడా? సారుకి తెలిసే ఊరుకున్నారా? ఏడేళ్ళుగా ఎవరు నాతో మంచిగా మాట్లాడినా దాని అడుగున ఏముందా అని చెయ్యి పెడుతూనే ఉన్నాను. మింగలేను, కక్కలేను. ఆ రోజు పోలమ్మ కాగితంలో చుట్టి ఇచ్చిన ఎండు నెత్తళ్ళు బస్సులోనే సీటు కింద వదిలేశాను.

ఈ పుస్తకం ఆయనకి పంపిస్తానని మీకు చెప్పను. చెబితే నన్ను మంచిదాన్ననుకుంటారు, నాకూ అలాగే అనిపించి, తర్వాత పంపను. నన్ను నాకు తెలుసు. క్షమించమని కూడా అడగను, మీరు క్షమిస్తే ఆయనకి ఒరిగేదేమీ లేదు. ఆ ముప్పై మంది ముందు అనాల్సిన మాటని ఇక్కడైనా ఒకసారి పూర్తిగా రాయాలి, అంతే.  

ఉపగ్రహం చూసింది మధ్యాహ్నం. గాలి కొలిచింది తాతారావు. ఆ గురువారం పొద్దున ఆరున్నరకి ఆయన సముద్రం మీదే ఉన్నాడు.